గ్రాండ్ టూర్ నుంచి ప్యాకేజీ టూర్ దాకా: ఈ దారి ఎవరు వేశారు?

మీరు అడిగింది మూడు ముక్కల్లో చెప్పుకుంటే ఇది. డిగ్రీలో చరిత్ర చదువుతున్నారు, పాఠంలో గ్రాండ్ టూర్ అనే మాట తగిలింది. ఇంగ్లండ్ జమీందారుల పిల్లలు చదువు పేరుతో చేసిన ఆ ప్రయాణాలే ఇప్పటి టూరిజానికి మూలమా, లేక 19వ శతాబ్దంలో రైలు టూర్లు నడిపిన ఇంగ్లీషు వ్యాపారి థామస్ కుక్ కనిపెట్టాడన్నదే నిజమా? మూడోది, వచ్చే వేసవిలో అమ్మానాన్నలతో పది రోజుల యూరప్ ప్యాకేజీకి వెళ్తున్నారు, రోమ్‌లో ఉండేది ఒక్క రోజే, ఆ రోజును ఎలా వాడుకోవాలి?

నేను హైదరాబాద్ నుంచి యూరప్‌కి గ్రూపుల్ని తీసుకెళ్ళే టూర్ మేనేజర్‌గా ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆ దారుల చరిత్ర చదవడం మొదట ఉద్యోగం కోసమే, తర్వాత అది వదల్లేని ఇష్టమైంది. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు సూటిగా సమాధానం. కుక్ టూరిజాన్ని కనిపెట్టలేదు. ఏ ఊళ్ళు చూడాలి, ఏ దారిన వెళ్ళాలి, పరాయి దేశంలో డబ్బు ఎలా తీసుకోవాలి, బండీ బసా భోజనం కలిపి ఒకే రేటుకి ఎలా మాట్లాడుకోవాలి, ఇవన్నీ ఆయన పుట్టకముందే 150 ఏళ్ళ పాటు ఆ డబ్బున్న కుర్రాళ్ళూ వాళ్ళ వెంట వెళ్ళిన గురువులూ అరగదీసి సిద్ధం చేసి పెట్టినవే. ఆయన చేసింది ఆ తలుపు ఇంకొకరికి తెరవడం. అది చిన్న పనేం కాదు, దాని సంగతి కింద చెప్తాను.

గ్రాండ్ టూర్ అన్న మాట అచ్చులో మొదట కనిపించింది 1670లో, రిచర్డ్ లాసెల్స్ అనే క్యాథలిక్ ఫాదరీ ఇటలీ ప్రయాణం గురించి రాసిన పుస్తకంలో అంటారు. ఆయన పనే అది, పెద్దింటి పిల్లల్ని వెంటబెట్టుకుని ఇటలీ తిప్పుకు రావడం, అలా ఐదుసార్లు వెళ్ళొచ్చాడు. పద్ధతి ఏమిటంటే, పదిహేడు పద్దెనిమిదేళ్ళు రాగానే ఎస్టేటుకి వారసుడైన కుర్రాడిని రెండు మూడేళ్ళ పాటు ఖండం మీదికి, అంటే సముద్రం అవతలి యూరప్‌కి, పంపేవాళ్ళు. డోవర్‌లో గాలి అనుకూలించేదాకా ఆగి పడవెక్కడం, ఫ్రాన్స్‌లోని కాలే రేవు దగ్గర దిగడం, పారిస్‌లో ఫ్రెంచి, కత్తిసాము, గుర్రపు స్వారీ, డాన్సు, పదిమందిలో ఎలా మెలగాలో నేర్చుకోవడం, లియాన్, జెనీవా మీదుగా ఆల్ప్స్ దాటి ట్యూరిన్, మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్, మధ్యలో పండగ రోజులకి వెనిస్, వీలైతే తిరుగుదారిలో వియన్నా, జర్మనీ, హాలండ్. ఇప్పుడు మీ ప్యాకేజీ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. స్విస్ మంచుకొండ ఒకటి కొత్తగా చేరి ఉంటుంది, మిగతా ఊళ్ళలో సగానికి పైగా అవే. మనకి పారిస్, ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్ "తప్పక చూడాల్సినవి" అయ్యాయంటే అవి అందంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. లాటిన్ చదువుకున్న ఇంగ్లీషు కుర్రాడికి ఏం చూపించాలని 17వ శతాబ్దంలో అతని గురువు అనుకున్నాడో, ఆ జాబితా మన చేతిదాకా వచ్చింది.

ఇంట్లో పెట్టుకుని చదివించక అంత ఖర్చెందుకు అంటే, అప్పటి ఆక్స్‌ఫర్డ్ పరిస్థితి అంత ఘోరం. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ అక్కడ గడిపిన పధ్నాలుగు నెలలూ తన జీవితంలోకెల్లా పనికిమాలిన కాలమని తర్వాత రాసుకున్నాడు. ఇంకో కారణం, ఆ కుర్రాడు రేపు పార్లమెంటులో కూర్చోవాలి, రాయబారిగా వెళ్ళాలి, ఫ్రెంచి రాకపోతే ఎక్కడా మాట చెల్లదు. ఇటలీ చూడనివాడు ఎప్పుడూ ఏదో తక్కువైనట్టే బాధపడతాడని ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ అన్నాడు, ఆ మాట అన్ననాటికి ఆయన కూడా ఇటలీ చూడలేదు, ఆ తర్వాతా చూడలేకపోయాడు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి గురువు. ఆ రోజుల్లో అతన్ని బేర్ లీడర్ అనేవాళ్ళు, అంటే ఎలుగుబంటికి ముక్కుతాడు వేసి ఊళ్ళ వెంట ఆడించుకునేవాడు. ఎలుగుబంటి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ పని చేసినవాళ్ళలో చిన్నా చితకా వాళ్ళే కాదు, తత్వవేత్త థామస్ హాబ్స్ ఉన్నాడు, ఆడం స్మిత్ ఉన్నాడు. స్మిత్ సంగతి వినండి. గ్లాస్గోలో ప్రొఫెసర్‌గా మంచి పేరున్న మనిషి, 1764లో ఆ ఉద్యోగం వదిలేసి బక్లూ డ్యూక్ అనే కుర్రాడికి గురువుగా ఫ్రాన్స్ వెళ్ళాడు. ఎందుకంటే ఏడాదికి 300 పౌండ్లు, అదీ ప్రయాణం అయ్యాక కూడా బతికున్నంత కాలం. తూలూజ్ అనే ఊళ్ళో పడ్డారు, తెలిసినవాళ్ళు లేరు, తోచట్లేదు, కాలక్షేపానికి ఒక పుస్తకం మొదలుపెట్టానని స్నేహితుడు డేవిడ్ హ్యూమ్‌కి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత జెనీవా దగ్గర వోల్టేర్‌ని, పారిస్‌లో కెనే, టర్గో లాంటి ఆర్థికవేత్తల్ని కలిశాడు. 1766లో డ్యూక్ తమ్ముడు పారిస్‌లో చనిపోవడంతో ప్రయాణం అర్ధంతరంగా ఆగిపోయింది. పదేళ్ళ తర్వాత, 1776లో, దేశాల సంపద గురించి ఆయన రాసిన మహాగ్రంథం వచ్చింది.

అందులో ఆయన ఈ ప్రయాణాల గురించి ఏం రాశాడో చూస్తే ఆశ్చర్యపోతారు. పదిహేడు పద్దెనిమిదేళ్ళకి వెళ్ళిన కుర్రాడు ఇరవై ఒకటికి తిరిగొస్తాడు, వయసు మూడు నాలుగేళ్ళు పెరిగింది కాబట్టి కాస్త మెరుగ్గానే కనిపిస్తాడు, ఒకటి రెండు భాషలు వస్తాయి కానీ వాటిలో సరిగ్గా మాట్లాడలేడు, రాయలేడు, మిగతా విషయాల్లో ఇంట్లో ఉండి ఉంటే అయ్యేదానికంటే పొగరుగా, విలాసాలకి అలవాటుపడి, కష్టపడి చదవడానికి పనికిరాకుండా తయారవుతాడు అన్నాడు. యూనివర్సిటీలు తమ పరువు తామే తీసుకోకపోతే ఇంత అర్థంలేని అలవాటుకి ఇంత పేరు వచ్చేదే కాదన్నాడు. ఆ పని చేసి, జీవితాంతం దాని డబ్బు తీసుకున్న మనిషి చెప్పిన మాట కాబట్టి నేను దీన్ని బాగా బరువుగా తీసుకుంటాను. అయితే ఇంకో మాట కూడా ఉంది. ఆ ప్రయాణంలో నిజంగా నేర్చుకున్నది ఎవరు? చాలాసార్లు గురువే.

గిబ్బన్‌ది వేరే రకం ప్రయాణం. ఆయన వెంట గురువు లేడు, రోమ్ చేరేటప్పటికి వయసు ఇరవై ఏడు, అప్పటికే రోమన్ చరిత్ర పిండి తాగాడు. అయినా రోమ్‌లో జేమ్స్ బయర్స్ అనే స్కాట్లండ్ గైడుని పెట్టుకుని పద్దెనిమిది వారాలు రోజూ శిథిలాలు తిరిగాడు. పద్దెనిమిది వారాలు! మధ్యమధ్య బుర్ర అలసిపోయేదని ఆయనే ఒప్పుకున్నాడు. 1764 అక్టోబరు 15 సాయంకాలం కాపిటోల్ కొండ మీద కూర్చుని ఉంటే, చెప్పుల్లేని సన్యాసులు సాయంత్రపు ప్రార్థన పాడుతుంటే, ఈ నగరం ఎలా కూలిపోయిందో రాయాలన్న ఆలోచన మొదటిసారి మనసులోకి వచ్చిందని స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆ చరిత్ర మొదటి సంపుటం వచ్చింది కూడా 1776లోనే. ఒకే ఏడాది రెండు పుస్తకాలు, రెండిటి వెనకా ఈ ప్రయాణాలే. కాబట్టి చదువు అన్నది వట్టి సాకేనా అంటే కాదు. వెళ్ళినవాడిని బట్టి ఉంది.

ఇక దారి సంగతి. ఫ్రాన్స్ వైపు నుంచి ఇటలీలోకి దిగాలంటే మోన్ సెనీ కనుమ. బండి వెళ్ళే రోడ్డు లేదు. కొండ కింద బండిని ముక్కలు ముక్కలుగా విప్పి, కంచరగాడిదల మీద వేసి, దొరగారిని కర్రలకి కట్టిన కుర్చీలో కూర్చోబెట్టి కూలీలు మోసుకెళ్ళేవాళ్ళు. మన భాషలో డోలీ, అంతే, శబరిమల కొండెక్కలేనివాళ్ళు వాడేదే. 1739 నవంబరులో రచయిత హోరేస్ వాల్పోల్, కవి థామస్ గ్రే కలిసి అలాగే దాటారు. వాల్పోల్‌కి టోరీ అనే చిన్న నల్ల కుక్కపిల్ల ఉండేది. కాస్త నడవనిద్దామని బండి దించాడు, పట్టపగలు అడవిలోంచి తోడేలు వచ్చి ఎత్తుకుపోయింది. ఆ ఉత్తరంలో ఆయన బాధ చదివితే రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా మనసు చివుక్కుమంటుంది. 1871లో ఆ కొండల కిందే దాదాపు 13 కిలోమీటర్ల రైలు సొరంగం వచ్చింది, తర్వాత రోడ్డు సొరంగం కూడా వచ్చింది. బస్సులో ఆ పక్కగా వెళ్ళిన ప్రతిసారీ నేను గ్రూపుకి ఈ కుక్కపిల్ల కథ చెప్పేవాణ్ణి. నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి వినేవాళ్ళు.

కొండ దిగాక వెట్టూరీనో అనే మనిషితో బేరం. ఇతను బండివాడు, కానీ బండి ఒక్కటే కాదు. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి ఇన్ని రోజులు, దారిలో రాత్రి భోజనం, పడక కూడా నావే, అన్నిటికీ కలిపి ఇంత అని ముందే కాగితం రాసుకునేవాళ్ళు. సత్రంవాడితో బేరాలు, టిప్పుల గొడవ, భాష రాని టెన్షన్, అన్నీ ఇతని మీదే వదిలేయొచ్చు. ప్యాకేజీ టూర్ ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే నేను రైలు పేరు చెప్పను, ఈ బండివాడి పేరు చెప్తాను. చరిత్ర పుస్తకాల్లో ఇతనికి దక్కాల్సిన చోటు దక్కలేదని నా బాధ.

డబ్బు సంగతి కూడా అంతే. నాణేల మూటలు మోసుకుని తిరగలేరు కదా, అందుకని లండన్ బ్యాంకరు దగ్గర హుండీ, అంటే ఫలానా చోట ఇంత డబ్బివ్వమనే కాగితం, రాయించుకుని రోమ్‌లోనో నేపుల్స్‌లోనో ఉన్న బ్యాంకరు దగ్గర మార్చుకునేవాళ్ళు. ఇబ్బంది ఏమిటంటే హుండీ ఒక ఊరి పేరు మీదే ఉండేది, మనసు మార్చుకుని ఇంకో ఊరు వెళ్తే చిక్కే. 1772లో రాబర్ట్ హెరీస్ అనే బ్యాంకరు ఆ చిక్కు విప్పాడు, చాలా నగరాల్లో ఎక్కడైనా చెల్లే కాగితాలు తెచ్చాడు. ట్రావెలర్స్ చెక్కుకి తాత ఆ కాగితమే.

వెళ్ళినవాళ్ళు ఏం తెచ్చుకునేవాళ్ళో చెప్పడానికి ఒక్క ఓడ కథ చాలు, ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. వెస్ట్‌మోర్లండ్ అనే ఇంగ్లీషు ఓడ ఇటలీలోని లివోర్నో రేవు నుంచి ఇంటికి బయల్దేరింది. 1779 జనవరిలో ఫ్రెంచివాళ్ళు దాన్ని పట్టుకుని స్పెయిన్‌లోని మాలగా రేవుకి తీసుకెళ్ళారు. లోపల చూస్తే యాభైకి పైగా పెట్టెల నిండా పాలరాతి విగ్రహాలు, అచ్చు బొమ్మలు, మ్యాపులు, పుస్తకాలు, చిత్రపటాలు, ఇటలీలో తిరుగుతున్న కుర్రాళ్ళు ఇళ్ళకి పంపిన సామాను. వాటితోపాటు 32 పార్మెజాన్ చీజు చక్రాలు. స్పెయిన్ రాజు మూడో కార్లోస్ కళావస్తువుల్ని కొని మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడెమీకి ఇప్పించాడు. కాగితాల మీద పి.వై. అని రెండక్షరాలు వేశారు, ఇంగ్లీషు వాళ్ళ దగ్గర పట్టుకున్నది అని దానర్థం. రెండు వందల ఏళ్ళ పాటు ఆ అక్షరాల సంగతి ఎవరికీ పట్టలేదు. 1990ల్లో స్పానిష్ పండితులు ఒక్కొక్క వస్తువూ పట్టుకుని, ఇది ఫలానా కుర్రాడి పుస్తకం, ఇది ఫలానా గురువు కొన్న మ్యాపు అని తేల్చారు. రోమ్ చిత్రకారుడు పొంపెయో బటోని గీసిన రెండు పటాలు అందులోవే, ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. తన ఇంటి గోడకి పెట్టుకుందామని గీయించుకున్న ఫోటో లాంటి బొమ్మ ఎన్నడూ ఇల్లు చేరలేదు. ఈ బటోని సుమారు రెండు వందల మంది బ్రిటిష్ యాత్రికుల పటాలు గీశాడు, వెనక శిథిలమో విగ్రహమో పక్కాగా ఉండాలి. ఐఫిల్ టవర్ ముందు నిలబడి మనం తీయించుకునే ఫోటోకి ఇదే వరస.

చెడు కూడా దాచకుండా చెప్పాలి. చాలామంది తాగారు, జూదమాడారు, సుఖరోగాలు తెచ్చుకున్నారు. లండన్‌లో ఇటలీ చూసొచ్చినవాళ్ళ క్లబ్బు ఒకటి 1734లో పెట్టారు, అందులో చేరాలంటే పేరుకి ఇటలీ వెళ్ళి ఉండాలి, అసలు అర్హత తాగి ఉండటమేనని వాల్పోల్ రాశాడు. ఖర్చంతా ఎక్కడిదంటే కౌలు రైతుల శిస్తుల నుంచి, కొందరి విషయంలో ఇంకా ఘోరంగా బానిసల చెమట నుంచి వచ్చింది. 1780లో ఇటలీ బయల్దేరిన విలియం బెక్‌ఫర్డ్‌ది జమైకా చెరకు తోటల డబ్బు. 1785లో గిబ్బన్ తను విన్నదిగా ఒక లెక్క రాశాడు, యజమానులూ నౌకర్లూ కలిపి నలభై వేల మంది ఇంగ్లీషువాళ్ళు ఖండం మీద ఉన్నారని. ఆ లెక్కలో నౌకర్లు కూడా ఉన్నారు చూడండి. పెట్టెలు మోసినవాళ్ళు, వంట చేసినవాళ్ళు, జబ్బుపడితే సేవ చేసినవాళ్ళు, వాళ్ళూ అవే ఊళ్ళు చూశారు, కానీ వాళ్ళు ఏం చూశారో చెప్పే రాతలు మనకి దాదాపు మిగల్లేదు.

1789 ఫ్రెంచి విప్లవం, 1793 నుంచి ఫ్రాన్స్‌తో యుద్ధాలు, దాంతో ఈ ప్రయాణాలు ఆగిపోయాయి. 1802లో కాస్త శాంతి రాగానే ఇంగ్లీషువాళ్ళు పారిస్ మీద పడ్డారు, 1803 మేలో మళ్ళీ యుద్ధం మొదలవగానే నెపోలియన్ పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ మగవాళ్ళని ఉన్నవాళ్ళని ఉన్నట్టు పట్టుకోమన్నాడు. చాలామంది వెర్దన్ అనే ఊళ్ళో 1814 దాకా, పదకొండేళ్ళు చిక్కుకుపోయారు. సెలవుకి వెళ్ళి పదకొండేళ్ళు! ఖండం మూసుకుపోవడంతో మిగతావాళ్ళు సొంత దేశంలోనే వై నది లోయ, సరస్సుల ప్రాంతం, స్కాట్లండ్ చూడటం మొదలుపెట్టారు. విలియం గిల్పిన్ అనే ఫాదరీ 1782లోనే వై నది మీద పుస్తకం వేసి, కొండనీ చెట్టునీ బొమ్మలా ఎలా చూడాలో నేర్పాడు. రోమన్ చరిత్ర తెలియకపోయినా కొండని చూసి ఆనందించొచ్చు అన్న సంగతి అప్పుడు గట్టిపడింది, లాటిన్ రానివాడికి కూడా ప్రయాణంలో చోటు దొరికింది.

1815 తర్వాత తలుపులు తెరుచుకున్నాక వెళ్ళినవాళ్ళు వేరు. ఒంటరి కుర్రాళ్ళు తగ్గారు, భార్యాపిల్లలతో మధ్యతరగతి కుటుంబాలు పెరిగాయి, గురువుకి జీతమిచ్చే స్తోమత లేదు, కాబట్టి గురువు పుస్తకమయ్యాడు. ఈ మాట కొంచెం ఆగి ఆలోచించండి. మరియానా స్టార్క్ అనే ఆవిడ జబ్బుపడ్డ బంధువులకి సేవ చేస్తూ ఇటలీలో ఏళ్ళ తరబడి ఉంది. ఆ అనుభవంతో రాసిన పుస్తకాల్లో సత్రం రేట్లు, బట్టలుతికే ఖర్చు, పాస్‌పోర్టు గొడవలు, వెంట ఏం తీసుకెళ్ళాలో అన్నీ ఉండేవి. మంచి చిత్రం అయితే ఒక ఆశ్చర్యార్థకం, ఇంకా మంచిదైతే రెండు, మూడు పెట్టేది. ఇప్పుడు మనం హోటల్‌కి ఇచ్చే స్టార్లకి మొదలు అక్కడుంది. 1830ల్లో జర్మనీలో బెడెకర్, లండన్‌లో జాన్ ముర్రే గైడ్ పుస్తకాలు వరసగా మొదలయ్యాయి.

సరిగ్గా అప్పుడే మన తెలుగువాడొకాయన దారిలో ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట నౌకర్లూ చాకర్లూ పరివారం. ప్రతి మజిలీలో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, బస ఎలా ఉంది, దారి రాళ్ళా బురదా అని వివరంగా రాసి పెట్టాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర పుణ్యం కోసం చేసిన ప్రయాణమే అయినా, ఆ రాత తీరులో ఉన్నది తర్వాత వెళ్ళేవాడికి ఇబ్బంది కలగకూడదన్న తపన, స్టార్క్ పుస్తకంలో ఉన్నదీ అదే. ఒకరి గురించి ఒకరికి తెలిసే వీల్లేదు. మనవాళ్ళకి లోకం చూడటం తెల్లవాళ్ళు నేర్పారని ఎవరైనా అంటే ఈ ఒక్క పుస్తకం చేతిలో పెట్టండి.

ఇప్పుడు కుక్. 1808లో పుట్టిన బాప్టిస్టు, వడ్రంగం పనివాడు, మద్యం మానాలని ప్రచారం చేసేవాడు. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకి, పదకొండు పన్నెండు మైళ్ళు, సుమారు 500 మందిని ఒక షిల్లింగుకి రానూపోనూ రైల్లో మద్యపాన వ్యతిరేక సభకి తీసుకెళ్ళాడు. ఇదే మొదటి విహార రైలు అని చాలాచోట్ల రాస్తారు, తప్పు, అంతకుముందే రైలు కంపెనీలు అలాంటివి నడిపాయి. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. పనివాడికి సారాకొట్టు తప్ప ఇంకో వినోదం లేదు, ఒకటి చూపిస్తే తాగుడు తగ్గుతుందని నమ్మాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనకి లక్షన్నర మంది దాకా తీసుకెళ్ళాడు. స్కాట్లండ్ టూర్లు బాగా సాగుతుంటే 1862లో అక్కడి రైలు కంపెనీలు ఇక రాయితీ ఇచ్చేది లేదన్నాయి, ఆ దెబ్బతో ఖండం వైపు గట్టిగా తిరిగాడు. 1863లో స్విట్జర్లండ్, 1864లో ఇటలీ. 1868లో హోటల్ కూపన్లు, 1874లో ఎక్కడైనా డబ్బుగా మార్చుకునే కాగితాలు. హెరీస్ కాగితం, వెట్టూరీనో ఒప్పందం, ముర్రే పుస్తకం, ఇవన్నీ గుర్తొస్తున్నాయి కదా? వాటికి రైలు తగిలించి, రేటు ముందే చెప్పి, ఒంటరి ఆడవాళ్ళు కూడా భయం లేకుండా రాగలిగేలా చేశాడు. 1863 స్విస్ ప్రయాణంలో ఉన్న జెమైమా మోరెల్ అనే యార్క్‌షైర్ అమ్మాయి డైరీ రాసింది, తెల్లవారుజామునే లేచి, నేలదాకా జీరాడే గౌనుల్లో కంచరగాడిదల మీదా కాలినడకనా కనుమలు దాటారు. ఆ ఓపిక చూస్తే చదువు కోసం వెళ్ళిన లార్డుల కంటే ఈవిడే ఎక్కువ చదువుకుందనిపిస్తుంది.

పెద్దవాళ్ళకి ఇది నచ్చలేదు. 1844లోనే కవి వర్డ్స్‌వర్త్ తన సరస్సుల దగ్గరికి రైలు వద్దని పత్రికకి రాశాడు, పనివాళ్ళని హఠాత్తుగా తెచ్చి దించితే ఆ అందం వాళ్ళకి అందదన్నాడు. 1865లో చార్లెస్ లీవర్ అనే రచయిత, ఇటలీలో బ్రిటిష్ వైస్ కాన్సల్, ఇంకా ఘాటుగా రాశాడు. నలభై మంది మందగా వీధిలో పోతుంటారు, వాళ్ళ నాయకుడు ఒకసారి ముందు, ఒకసారి వెనక, గొర్రెలకుక్కలా చుట్టూ తిరుగుతుంటాడు అన్నాడు. ఆస్ట్రేలియా వద్దన్న ఖైదీల్ని ఇటలీకి పంపుతున్నారని కూడా రాశాడు. కుక్ ఊరుకోలేదు, భూమి అందాలు అందరివీ, రైళ్ళూ ఓడలూ కూడా అందరికోసమే అని తన పత్రికలో గట్టిగా బదులిచ్చాడు.

ఆ నలభై మంది మాట మొదట చదివినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే నా బస్సులో ఉండేది కూడా అంతే మంది, ముందుకీ వెనక్కీ తిరుగుతూ లెక్కపెట్టుకోవడమే నా పని. ఫ్లోరెన్స్‌లో ఒక మ్యూజియం వరసలో మా పెద్దవాళ్ళని చూసి పక్కన ఎవరో మంద అనే మాటే వాడారు. ఆ గ్రూపులోనే తెనాలి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, అరవై ఎనిమిదేళ్ళు, జీవితంలో మొదటి విదేశీ ప్రయాణం. రెండు రోజుల తర్వాత, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ నగరం పాంపేలో అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆవిడ వీధి మధ్యలో వంగి రాతి మీద చక్రాల గాడిని చేత్తో తడిమి చూశారు. వీధికి అడ్డంగా ఎత్తు రాళ్ళున్నాయి, వాటి మధ్య సందులు బండి చక్రాల కోసం, రాళ్ళు మనుషులు నీళ్ళలో కాలు పెట్టకుండా దాటడం కోసం, అంతేనా బాబూ అని నన్నడిగారు. ఎవరూ చెప్పలేదు ఆవిడకి, చూసి పట్టుకున్నారు. 1748లో తవ్వకాలు మొదలైన దగ్గర్నుంచి అక్కడికి వచ్చిన ఏ లార్డు కొడుకు కంటే ఆవిడ తక్కువ చూశారని నేనొప్పుకోను.

అయితే అవతలివాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు. 1950లో ప్రపంచమంతా కలిపి దేశాలు దాటిన టూరిస్టుల లెక్క రెండున్నర కోట్లు, 2019లో 146 కోట్ల దాకా. వెనిస్ పాత నగరంలో కాపురముండేవాళ్ళు యాభై వేల లోపుకి పడిపోయారు, 2024 నుంచి రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోల నుంచి రుసుము తీసుకుంటున్నారు. అక్కడ రాత్రి ఉండండి, అక్కడి వాళ్ళ దుకాణంలో కొనండి, వీలైతే వేసవి కాకుండా వెళ్ళండి, ఇది నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను. కుక్ పెట్టిన ఇంగ్లండ్ కంపెనీ 2019 సెప్టెంబరు 23న మూతపడింది, 178 ఏళ్ళ తర్వాత, ఆ రోజు ఆరు లక్షల మంది ఎక్కడెక్కడో దారిలో ఉన్నారు. దారి మాత్రం అదే.

ఇక మీ రోమ్ రోజు. పొద్దున కొలోసియం, వాటికన్ ప్యాకేజీలో ఉంటాయి, వాటికి మీరేం చేయక్కర్లేదు, వాటికన్‌కి భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోండి, అంతే. సాయంత్రం షాపింగ్‌కి వదిలే రెండు గంటలు మీవి. గ్రూపుకి చెప్పి, టూర్ మేనేజర్ ఫోన్ నంబరు పెట్టుకుని, కాపిటోల్ కొండకి వెళ్ళండి. పక్కపక్కనే రెండు మెట్ల దారులుంటాయి. ఎడమవైపు నిటారుగా ఉన్నవి అరాచేలి చర్చికి వెళ్ళే 124 మెట్లు. కుడివైపుది మైకెలాంజెలో గీసిచ్చిన వెడల్పాటి ఏటవాలు దారి, మోకాళ్ళ నొప్పులుంటే అమ్మానాన్నల్ని అటే తీసుకెళ్ళండి. గిబ్బన్ సన్యాసుల పాట విన్నది ఆ చర్చి దగ్గరే, అదే జూపిటర్ గుడి అనుకున్నాడు, నిజానికి ఆ గుడి ఉన్నది కొండకి అవతలి కొసన. పైకెక్కాక చౌకు దాటి భవనం పక్కనుంచి వెనక్కి వెళ్తే పాత ఫోరం, అంటే రోమన్ల నాటి నగర కూడలి, మొత్తం కింద కనిపిస్తుంది. దానికి టికెట్ లేదు. ఒక అరగంట ఫోన్ సంచిలో పెట్టేసి కూర్చోండి, అమ్మగారికి ఈ కథలో మీకు నచ్చినది చెప్పండి, నాకైతే కుక్కపిల్లది చెప్పమనే ఉంటుంది.